మింగిన దగ్గు

“ఈ పిల్ల దగ్గు నాకేం బాగలే” అన్నాను.

అప్పటికి సాయిశ్రీ దగ్గింది రెండే రెండుసార్లు. నేను వెనక గదిలో చాప మీద కూచుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. అది కాలేజీకి పోయే తొందరలో గుమ్మంలో నిలబడి జడకు రబ్బరు బ్యాండు వేసుకుంటోంది. రెండుసార్లు దగ్గి, చున్నీతో మూతి తుడుచుకుని, మళ్ళీ జడ అందుకుంది. అంతే జరిగింది. జ్వరం లేదు, నీరసం లేదు. అయినా నా చేతిలో మిరపకాయ అట్లాగే ఆగిపోయింది.

మా ఆయన శ్రీహరి అంగడి షట్టరు ఎత్తబోతూ వెనక్కి తిరిగి, పొద్దున్నే నీ నోట ఒక్క మంచి మాట రాదా అన్నాడు. మా అత్త మహానందమ్మ పూజగదిలోంచే అందుకుంది. “మిరపకాయల కొంపలో దగ్గక ఇంక యాడ దగ్గుతారు మే, దేవళంలోనా?” ఆ మాటకు సాయిశ్రీ కూడా నవ్వింది.

నా భయాలు మా ఇంట్లో అందరికీ ఒక తమాషా. కుక్కరు కూత కొంచెం ఆలస్యమైతే పేలుతుందని వంటింట్లోంచి బయటికి వచ్చేస్తాను. ఆయన సరుకుకని నంద్యాల పోయి ఫోను ఎత్తకపోతే శిరివెళ్ళ దగ్గర ఏ లారీ కిందో పడ్డాడని మనసులో అప్పుడే ఏడ్చేస్తాను. సాయిశ్రీ పసిగుడ్డుగా ఉన్నప్పుడు నిద్రపోయిన ప్రతిసారీ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. ఇన్నేళ్ళలో నేను భయపడినవి నూటికి తొంభైతొమ్మిది జరగలేదు. నూరోది జరుగుతుందేమోనని ఎవరు ఆగి చూస్తారు? పదో తరగతి చదివి, ఊరికే బెదిరిపోయే ఆడదాని మాట అది. నేనే నమ్మేదాన్ని కాదేమో ఇంకొకరు చెప్తే.

మాది ఆళ్ళగడ్డ బజారులో పొడుల అంగడి. కందిపొడి, నువ్వులపొడి, పుట్నాలపొడి, కారప్పొడి. ప్యాకెట్ల మీద మా అత్త ఫోటో ఉంటుంది, బొట్టు పెట్టుకుని నవ్వుతూ. దొర్నిపాడు నుంచి కూడా వచ్చి కొంటారు. ఆ పెద్దమ్మ చేతి మహిమ అంటారు. ఆవిడ మూకుడు ముట్టుకుని పదహారేళ్ళయింది. వేయించేది, గ్రైండరు పట్టేది, జల్లించేది, ప్యాకెట్లకు సీలు వేసేది నేను. మీ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారని ఎవరన్నా అడిగితే ఆయన, “ఏముంది, ఇంట్లోనే ఉంటాది” అంటాడు. అది అబద్ధం కూడా కాదు. అంగడికీ వంటింటికీ మధ్య ఉండే ఆ గది ఇంట్లోదే. దానికి ఒక్క కిటికీ. ఘాటు పక్కనున్న బట్టల కొట్టులోకి పోతోందని వాళ్ళు గొడవపెట్టుకుంటే, నేను కాపురానికి రాకముందే దానికి చెక్క కొట్టేశారు. అంగడి వైపు ఒక పరదా. పరదాకు ఇవతల నేను, అవతల గిరాకీ.

కాపురానికి వచ్చిన మొదటి నెలలో మిరపకాయలు దంచుతూ దగ్గాను. దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్ళ నీళ్ళు కారాయి. అంగడిలో ఇద్దరు ఆడవాళ్ళు చేతిలోని ప్యాకెట్లు పెట్టేసి మెట్లు దిగిపోయారు. మా అత్త వచ్చి కొంగు నా నోట్లో కుక్కింది, గట్టిగా కాదు, ఏదో నేర్పుతున్నట్టు. తినే సరుకు అమ్మే ఇంట్లో ఆడదాని దగ్గు పరదా దాటకూడదంది. మరుసటి రోజు పక్కన కూచుని విద్య చెప్పింది. నాలుక కింద లవంగం పెట్టుకోవాలి. ముక్కుతో కొంచెం కొంచెంగా గాలి తీసుకోవాలి. దగ్గు గొంతు దాకా వచ్చినప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించి ఉమ్మి మింగాలి. అది వెనక్కి పోతుంది. ఇంకోసారి వస్తే ఇంకోసారి మింగాలి. పదిహేను రోజుల్లో నాకు పట్టుబడింది. ఆయన మాత్రం రోజూ పొద్దున అంగడి ముందు కాలవ దగ్గర నిలబడి బజారంతా లేచేటట్టు కాండ్రించి ఉమ్మేవాడు. ఆ తర్వాత చేతులు కడుక్కుని దేవుడి పటానికి దండం పెట్టి బోణీ చేసేవాడు. దాన్ని చూసి ఏ గిరాకీ మెట్టు దిగి పోలేదు.

సాయిశ్రీకి ఏడేళ్ళప్పుడు సెలవుల్లో ప్యాకెట్లకు కాగితాలు అంటిస్తానని నా పక్కన కూచుంది. ఘాటుకు దగ్గింది. నా విద్య దానికి నేర్పాను. గడ్డం ఎట్లా ఆనించాలో నా చేత్తో పట్టి చూపించాను. ఆ సాయంత్రం అది గంతులేస్తూ వచ్చి, ఈ పొద్దు ఒక్కసారి కూడా దగ్గలేదు మా అని చెప్పింది. దాని తల నిమిరి బెల్లం ముక్క పెట్టాను. మా అత్త నాకు బెల్లం పెట్టలేదు. నేను మంచి తల్లిననుకున్నాను.

ఆ రెండు దగ్గులు నెల తిరిగేసరికి దినమంతా అయ్యాయి. సాయంత్రం అయితే ఒళ్ళు వెచ్చబడేది. పొద్దున దిండు చూస్తే తడి. కొత్త మిరపకాయల కాలం కాబట్టి అందరికీ ఒక కారణం చేతికందింది. ఘాటు, ఘాటు అన్నారు. వీధి చివర డాక్టరు రంగు మందు సీసా ఇచ్చాడు. అది అయిపోయాక ఇంకోటి ఇచ్చాడు. దాని చుడీదార్లు వదులయ్యాయి. నేను కుట్లు వేసి బిగించాను. పదిరోజులకు మళ్ళీ బిగించాను. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు దగ్గరికొస్తాండాయి కదా, దొంగ జబ్బు అని మా అత్త అంది. ఫోను చూడటం తగ్గిస్తే తిండి అదే పోతుందని ఆయన అన్నాడు. నేను మాత్రం ఒక్క మాటే పట్టుకున్నాను, కఫం పరీక్ష చేయించండి అని. పొడి పడుతూ అదే, అన్నం పెడుతూ అదే. నా పోరు పడలేక ఆళ్ళగడ్డలోనే ఒకచోట చేయించారు. అక్కడ బెంచీల మీద కూచున్నవాళ్ళు సగం మంది మా గిరాకీలు. పిల్ల డబ్బా తీసుకుని మూలకు పోయి నిమిషంలో తెచ్చి ఇచ్చింది. దాన్ని అద్దం ముక్క మీద పూసి, రంగు వేసి చూసి, ఏమీ లేదని రాసిచ్చారు.

ఆ కాగితం ఇంట్లో నా నోటికి తాళమైంది. నేను నోరు తెరిస్తే చాలు, కాగితం చూడుపో అనేవారు. ఇంకో నెల గడిచింది. మెట్లెక్కితే పిల్ల గోడ పట్టుకుని నిలబడుతోంది. ఆయన పినతండ్రి కొడుకు ఫణీంద్ర నంద్యాలలో మందుల ఏజెన్సీలో పనిచేస్తాడు. అతనే చెప్పాడు, ఇప్పుడు కొత్త మిషన్లు వచ్చినాయి వదినా అని. వెనకటికి తెమడను సీసాలో పెట్టి పురుగు పెరిగేదాకా నెలన్నర కాచుకునేవారట. ఈ మిషను రెండు గంటల్లో పురుగు లోపలి రాత చదివి, ఏ పురుగో, ఏ మందుకు చస్తుందో కూడా చెప్తుందట. నాలుగైదు పురుగులున్నా పట్టుకుంటుందట. ఆ మాటలు వింటుంటే నాకు దేవుడి గుడి తలుపు తీసినట్టయింది. నా భయాన్ని నమ్మకపోయినా మిషనునైనా నమ్ముతారు కదా.

ఆయనా, నేనూ, పిల్లా ముగ్గురం నంద్యాల పోయాం. ఆసుపత్రిలో రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీసి, ఎడమ పక్కన కొంచెం మసక ఉందన్నారు. కఫానికి డబ్బా ఇచ్చారు. వెనక ఆరుబయట చోటుంది, అక్కడికి పోయి లోపల్నుంచి తీసి తెమ్మంది కిటికీలో అమ్మాయి. మేం పోయేసరికి అక్కడ ఆళ్ళగడ్డ విత్తనాల కొట్టాయన ఎవరికో తోడు వచ్చి నిలబడి ఉన్నాడు. మా ఆయన ముఖం మాడిపోయింది. నవ్వు తెచ్చుకుని ఆయనతో మాటల్లో పడ్డాడు, ఊరికే చెకప్పుకు వచ్చినాం అని. సాయిశ్రీ గోడ వైపు తిరిగి డబ్బా మూతికి పెట్టుకుంది. దాని వీపు కదిలింది. లోపల్నుంచి ఒక దగ్గు లేస్తోందని నాకు తెలిసింది, తల్లిని కదా. నేను దగ్గరికి పోయి చెవిలో చెప్పాను.

“మెల్లగా, సాయీ. ఆయప్ప వింటాండాడు.”

దాని గడ్డం రొమ్ముకు ఆనింది. వీపు కదలడం ఆగింది. ఆ తర్వాత ఏదో ఉమ్మి, మూత పెట్టి నాకు ఇచ్చింది.

మధ్యాహ్నానికి కాగితం ఇచ్చారు. పురుగు లేదు. పదిరోజులకు మందులు రాసి, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. ఆయన బస్టాండులో జిలేబీ కొన్నాడు. “అన్ని లక్షల మిషను కంటే నీకు ఎక్కువ తెలుసునా మే?” అన్నాడు, నవ్వుతూనే. కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. బస్సులో నేను పిల్ల చెయ్యి పట్టుకుని, చూసినావా ఏం లేదు, అంతా నా పిచ్చి భయమే అన్నాను. అది నా చేతిలోంచి చెయ్యి తీసుకుంది. అప్పటినుంచి మాట్లాడటం మానేసింది. తింటావా అంటే తల ఊపేది, వద్దనుకుంటే అడ్డంగా ఊపేది. పరీక్షలు రాయను అనే మాట కూడా చెప్పలేదు. పుస్తకాలు మంచం కిందికి తోసేసింది, మేమే అర్థం చేసుకున్నాం. దొంగ జబ్బు అన్నందుకు జేజి మీద అలిగిందిలే అని ఆయన సర్దిచెప్పాడు.

ఇంకొక మాట రాయాలి, సిగ్గుగా ఉన్నా. ఆ ఎనిమిది రోజులు నేను భయపడలేదు. పెళ్ళయ్యాక అన్ని రోజులు వరసగా భయం లేకుండా బతికింది అప్పుడే. పురుగు లేదని మిషనే చెప్పింది. కంటి ముందు పిల్ల కరిగిపోతుంటే, నేను కందిపప్పు వేయిస్తూ కూనిరాగం తీశాను.

తొమ్మిదో రోజు ఆయన చొక్కాలు నానబెడుతూ జేబులో చెయ్యి పెట్టాను. నంద్యాల కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. పడేస్తే తిడతాడని విప్పి గ్రైండరు మీద ఆరబెట్టాను. అచ్చు అక్షరాల కింద పెన్నుతో ఒక వరస ఉంది. ఇంగ్లీషు. ఆ రోజు ఆయన కూడా అచ్చు వరకే చూసి మడిచి ఉంటాడు. నేను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. ‘సలైవా ఓన్లీ. రిపీట్.’ రెండో మాట తెలుసు, మళ్ళీ అని. మొదటిది తెలియలేదు. కాగితం తీసుకుపోయి మంచం మీదున్న పిల్లకు చూపించి, ఏందీ సాయీ ఈ మాట అని అడిగాను. అది చూసింది. చాలాసేపు చూసింది. కాగితం నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది.

కాగితం మీద నంబరుంది. వంటింటి తలుపు వేసి ఫోను చేశాను. ఎత్తింది ఆ కిటికీలో అమ్మాయే, పేరు అనిత అట. నేను పిల్ల పేరు చెప్పగానే ఆమె గొంతు మారింది.

“పోయిన మంగళవారమే మీ ఇంటాయనకు ఫోన్ చేసి చెప్పినా కదమ్మా. మళ్ళీ తీసుకురమ్మని.”

నాకు తెలియదన్నాను. కాగితం మీది ఇంగ్లీషు వరస చదివాను. ఆమె దాన్ని తెలుగులో, నాకర్థమయ్యేటట్టు చెప్పింది.

“డబ్బాలో ఉండేది ఉమ్మి అమ్మా. తెమడ కాదు. మిషను లేదన్నాదంటే మీ పాపకు లేదని కాదు, ఆ ఉమ్మిలో లేదని. ఎంత కొత్త మిషనైనా మనం పెట్టిందాంట్లోనే కదా చూసేది.”

వింటాండారా అని అడిగింది. వింటున్నానన్నాను. మగవాళ్ళ డబ్బాలు నిండుగా వస్తాయట. ఆడవాళ్ళవి సగానికి సగం ఇట్లాగే నీళ్ళుగా వస్తాయట. సిగ్గుపడతారమ్మా, ఏం చేద్దాం, మళ్ళీ మళ్ళీ పిలిపిస్తాం, కొందరు రారు అంది. ఆఖరికి ఒక మాట అడిగింది. “ఆ ఫోటో చూసినా నేను. అంత దగ్గే పిల్లకు లోపల తెమడ రాకుండా ఉండదు. రోజూ వచ్చేది యాడ పోతాందో కనుక్కోండి.”

నేను కనుక్కోవాల్సిన పని లేదు. ఎక్కడికి పోతోందో నాకు తెలుసు. ఆ దారి చూపించింది నేను. గడ్డం పట్టి, చేత్తో చూపించాను. బెల్లం పెట్టాను.

పరదా తీసి అంగడిలోకి పోయాను. గిరాకీ ఉన్నప్పుడు నేను పరదా దాటడం ఆ రోజే మొదలు. ఫోన్ వచ్చిందంట కదా అన్నాను. ఆయన గిరాకీని పంపించాక, తక్కెడ గిన్నె తుడుస్తూ, వచ్చింది అన్నాడు. లేదని కాగితం ఇచ్చినాక మళ్ళీ తవ్వడం ఎందుకనుకున్నాడట. నేను అక్కడే నిలబడ్డాను. అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు. “ఉందని తేలితే ఈ పొడులు ఎవరు తింటారు మే? మా మేనత్తను ఇదే జబ్బుకు మదనపల్లె ఆసుపత్రిలో పెట్టినప్పుడు రెండేండ్లు ఈ మెట్టు ఎవరూ ఎక్కలే. నేను పిల్లోన్ని. నాకు తెలుసు.” తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తున్నాడు. ఈ ఇంట్లో భయస్థురాలిని నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను ఇంతకాలం. ఆయనా భయపడుతున్నాడు. కాకపోతే ఆయన భయం అంగడికి. అంగడికి భయపడితే దాన్ని ముందుచూపు అంటారు. పిల్లకు భయపడితే పిచ్చి అంటారు.

మరుసటి రోజు పొద్దున పొయ్యి వెలిగించలేదు. ముందురోజు సగం వేయించిన కందిపప్పు మూకుట్లో అట్లాగే ఉంది. ఏమీ తినకుండా నోరు పుక్కిలించి రమ్మని అనిత చెప్పింది. పిల్లకు చీర కట్టినట్టు దుప్పటి చుట్టి, చెప్పులు తొడిగి, గుమ్మం దాకా తెచ్చాను. మా అత్త అడ్డం వచ్చి ఎక్కడికంది. నంద్యాలకు పోతాండా అన్నాను. మరి దొర్నిపాడు వాళ్ళ ఆర్డరు, పొడి ఎవరు పడతారంది.

“చేతి మహిమ మీదే కదత్తా” అన్నాను.

ఆవిడ పక్కకు జరిగింది.  బస్సు దాకా ఆయన రాలేదు, ఆపనూ లేదు. షట్టరు సగం ఎత్తి, దాని కిందుగా చూస్తూ నిలబడ్డాడు.

దారంతా పిల్ల నా భుజం మీద వాలి ఉంది. దాని బరువు నాకు తెలియడం లేదు, అదే నా భయం. పందొమ్మిదేళ్ళ పిల్ల భుజం మీద వాలితే తెలియాలి కదా. శిరివెళ్ళ దాటేలోపల నాలుగుసార్లు దానికి దగ్గు వచ్చింది. నాలుగుసార్లూ గడ్డం ఆనించింది. నేను చూస్తూ కూచున్నాను. ఇన్నేళ్ళు చూసీ చూడనిదాన్ని ఇప్పుడు లెక్కపెడుతున్నాను.

అనిత మూతికి గుడ్డ కట్టుకుని బయటికే వచ్చింది. సన్నగా ఉంది, సాయిశ్రీ కంటే ఆరేడేళ్ళు పెద్ద ఉంటుందేమో. గాలి నిండుగా పీల్చి, నిలిపి, వదలమంది. రెండుసార్లు అట్లా చేసి, మూడోసారి పొట్టలోంచి కాండ్రించాలంది. చప్పుడు రావాల, చప్పుడు రాకపోతే మనకు కావలసింది రాలేదని లెక్క అంది. కొత్త డబ్బా ఇచ్చి లోపలికి పోయింది.

ఆరుబయట అప్పటికే నలుగురైదుగురు మగవాళ్ళున్నారు. ఒకాయన గోడకు చెయ్యి ఆనించి, కడుపులో పేగులు తెగేటట్టు కాండ్రిస్తున్నాడు. ఇంకొకాయన పని అయిపోయి డబ్బా పక్కన పెట్టుకుని బీడీ కోసం జేబు తడుముకుంటున్నాడు. సాయిశ్రీ వాళ్ళకు వీపు పెట్టి నిలబడింది. గాలి పీల్చింది. నిలిపింది. వదిలింది. మూడోసారి దగ్గు పైకి వస్తుండగా గడ్డం దానంతటదే కిందికి పోయింది. మళ్ళీ పీల్చింది. మళ్ళీ పోయింది. దాని కళ్ళలో నీళ్ళు. అది సిగ్గుపడటం కాదని అప్పుడు నాకు తెలిసింది. దానికి చేతకావడం లేదు. పన్నెండేళ్ళుగా మింగిన గొంతు, ఉమ్మమంటే ఎట్లా ఉమ్ముతుంది?

నేను నాలుగు అడుగులు నడుమకు నడిచాను. కొంగు నడుముకు దోపుకున్నాను. గాలి పీల్చి, నిలిపి, వదిలి, ఆయన రోజూ కాలవ దగ్గర చేసే చప్పుడు గుర్తుచేసుకుని కాండ్రించాను. మొదటిసారి పిల్లికూత లాంటిది వచ్చింది. రెండోసారి గొంతు చీరుకుపోయింది. మూడోసారి నా లోపల్నుంచి ఎప్పుడూ వినని ఒక మోటు శబ్దం బయటికి వచ్చింది. ఇసుక పోసిన తొట్టిలో ఉమ్మాను. ఇరవై రెండేళ్ళ కారం ఉంది దాంట్లో. ఆసుపత్రి కిటికీల్లోంచి ఇద్దరు తొంగిచూశారు.

గోడకు ఆనుకున్న పెద్దాయన అడిగాడు, “ఏందమ్మా, ఇద్దరికీ ఉందా?”

“ఉన్నా లేకపోయినా మేం కూడా దగ్గుతామప్పా” అన్నాను.

ఆయన పగలబడి నవ్వబోయి దగ్గులో పడ్డాడు. దగ్గుతూనే, దగ్గమ్మా దగ్గు, ఎవరొద్దన్నారు అని చెయ్యి ఊపాడు. నేను వెనక్కి వచ్చి పిల్ల ముందు నిలబడ్డాను. నా రెండు చేతులూ దాని గడ్డం కింద పెట్టి పైకి ఎత్తి పట్టుకున్నాను. అది కిందికి తోస్తోంది, నేను పైకి ఎత్తుతున్నాను. “బైటికి సాయీ, బైటికి” అంటున్నాను. ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. మొదట గరగరమంది. తర్వాత దాని ఒళ్ళంతా విల్లులా వంగింది. గోడ అవతల రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినపడి ఉంటుంది ఆ దగ్గు. డబ్బాలో చిక్కగా, పసుపుగా పడింది. దాంట్లో దారం పోగంత నెత్తురు. ఆ నెత్తురు చూసి నేను కింద కూలబడాలి నిజానికి. మూత బిగించి, రెండు చేతుల్లో పట్టుకుని అనిత దగ్గరికి పరుగెత్తాను, చంటిబిడ్డను తీసుకుపోయినట్టు.

మిషను లోపల ఏం చేస్తుందో అనిత చెప్పింది. చిన్న డబ్బీలో మందు కలిపి పెడతారట, అది పురుగును చితక్కొట్టి లోపలి దారాన్ని లాగి చదువుతుందట. నేను ఊఁ కొట్టాను గానీ నా చెవుల్లో ఏమీ పడలేదు. బెంచీ మీద కూచున్నాం. పిల్లకు మూతికి కట్టుకునే గుడ్డ ఇచ్చారు. పైన కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, పెద్దవిగా. ఆ రెండు గంటల్లో నేను దాన్ని ఎన్నిసార్లు చంపి బతికించుకున్నానో చెప్పలేను. ఏ మందూ పనిచేయదంటే? ఊపిరితిత్తి సగం తినేసిందంటే? మొదటి దగ్గుకు అన్నాను కదా, బాగలేదని, ఎందుకు గట్టిగా అనలేదు? ఎందుకు బజారులో నిలబడి అరవలేదు? పోయిన సారి ఇదే బెంచీ మీద కూచుని ఏమీ లేదనే మాట కోసం దేవుళ్ళందరికీ మొక్కాను. ఈసారి ఏమని మొక్కాలో తెలియలేదు. ఉందని రావాలని మొక్కే తల్లి ఉంటుందా? మొక్కాను. ఉంటే దొరకనీ, స్వామీ, దొరకనీ అని మొక్కాను.

అనిత కాగితం పట్టుకుని వచ్చి మా ఎదురుగా మోకాళ్ళ మీద కూచుంది. పిల్ల వైపు చూస్తూ చెప్పింది, నా వైపు కాదు.

“దొరికింది పాపా. టీబీ. కానీ మామూలు మందుకు లొంగేదే అని కూడా చెప్పింది మిషను. ఈ పొద్దే మొదలుపెడతాం. ఆర్నెల్లు. మధ్యలో ఒక్క పూట కూడా మానకూడదు.”

తర్వాత నాకు చెప్పింది, ఇంట్లో అందరూ చూపించుకోవాలని. పొడుల సంగతి అడిగాను. తిండితో రాదమ్మా, గాలితో వస్తాది, మీరు పనిచేసే చోట కిటికీలున్నాయా అని అడిగింది. ఉంది, చెక్క కొట్టేశారన్నాను. ఆమె అది రాసుకుంది.

అప్పుడు ఆయన ఫోను. ఏమైంది అన్నాడు. బెంచీలనిండా మనుషులు. నేను మామూలు గొంతుతో చెప్పాను. “పిల్లకు టీబీ ఉంది. మందుకు తగ్గుతాది. మీరూ అత్తా రేపు ఈడికి రావాల. ఆ కిటికీ చెక్క పెరికించండి. తీసేదాకా నేను ఆ గదిలో కూచోను. మీరు బైటికి చెప్పినా చెప్పకపోయినా, నన్ను అడిగినోళ్ళకు నేను చెప్తా.” అవతల ఎవరో పావుకిలో కందిపొడి అడుగుతున్నారు.  నేను ఫోను పెట్టేశాను.

మొదటి పూట మాత్రలు మా ఎదురుగానే మింగించారు. డాక్టరు మాట్లాడిందంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సులో కిటికీ పక్కన దాన్ని కూచోబెట్టి అద్దం పూర్తిగా తీశాను. గాలికి దాని జడ ఎగిరి నా ముఖం మీద పడుతోంది. బెంచీ మీద ఉన్నప్పటినుంచి నా గొంతులో ఒక మాట తిరుగుతోంది. అడిగితే ఏమంటుందోనని భయం. అడగకపోతే ఇంక ఎప్పటికీ అడగనని అంతకంటే భయం. బస్సు నంద్యాల దాటగానే అడిగాను.

“మెల్లగా అని చెప్పింది నేనే కదా సాయీ. చిన్నప్పటినుంచి మింగమన్నదీ నేనే. నా మీద కోపముందా?”

అది కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. పొలాలు పోయాయి. ఎవరో బస్సు ఆపి ఎక్కారు, ఇంకెవరో దిగారు. శిరివెళ్ళ వచ్చింది, పోయింది. కండక్టరు టిక్కెట్లు చూసి ముందుకు పోయాడు. నేను రెండోసారి అడగలేదు. పది రోజులుగా మాట్లాడని పిల్ల, ఇంక మాట్లాడదేమో, దాని జవాబు ఇదేనేమో అనుకుంటూ చేతి సంచిలోని మందులు తడుముకుంటున్నాను.

“ఉంది” అంది సాయిశ్రీ. మూతి గుడ్డ సర్దుకుని నా వైపు తిరిగింది. గొంతు బొంగురుగా ఉంది గానీ, ముందు సీటు వాళ్ళు వెనక్కి చూసేంత గట్టిగా ఉంది. “అందరికంటే నీ మీదే ఎక్కువుంది మా. జేజి చెప్పింటే, నాయన చెప్పింటే నేను వినేదాన్ని కాదు. నువ్వు చెప్పినావని విన్నా.”